తీగ మారినా ఇంటి నంబరు నిలవాలంటే

ఇంటి ల్యాండ్‌లైన్‌ను వదిలి ఇంటర్నెట్ మీద నడిచే ఫోనుకు మారుతున్న కుటుంబాలు గోదావరి జిల్లాల్లో పెరుగుతున్నాయి. ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కనెక్షన్ గురించి కాక, ఏళ్ల తరబడి నలుగురికీ తెలిసిన నంబరు ఏమవుతుందన్న విషయం గురించే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారు పెట్టించిన ల్యాండ్‌లైన్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. బంధువులకూ, నా దగ్గర చదువుకున్న పిల్లలకూ ఆ నంబరే తెలుసు. వానాకాలం వస్తే లైనులో గరగర తప్ప మాట వినబడదు. బాగుచేయడానికి వచ్చినవారు ఫైబరుకు మారమంటున్నారు. కేబుల్ కనెక్షన్లు ఇచ్చే కుర్రవాడేమో ఫైబరు పెడితే కొత్త నంబరే వస్తుందంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: మాస్టారూ, మీ నంబరు నిలుస్తుందా పోతుందా అన్నది మీరు దరఖాస్తులో ఏమని రాస్తారన్న దానిమీదే ఆధారపడి ఉంది. సంస్థను మార్చకుండా, ఉన్న కనెక్షన్‌నే రాగి తీగ నుంచి ఫైబరుకు మార్చమని అడిగితే నంబరు నిలుస్తుంది. పాతది రద్దు చేయించి కొత్త కనెక్షన్ తీసుకుంటే, అది అదే సంస్థదైనా సరే, కొత్త నంబరు వస్తుంది. మీ కేబుల్ కుర్రవాడు చెబుతున్నది ఈ రెండో పద్ధతి. కొత్త కనెక్షన్ వేయడం వారికి చేయి తిరిగిన పని కనుక చాలామందికి ముందుగా దానినే చెబుతుంటారు.

అసలు నంబరు ఎక్కడ ఉంటుందో తెలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. పాత పద్ధతిలో మీ ఇంటికి వచ్చే రాగి తీగల జత స్తంభం మీది డబ్బాలోకి, అక్కడి నుంచి వీధి చివర ఉండే పిల్లరు అనే పెద్ద డబ్బాలోకి, అక్కడి నుంచి భూమిలోని కేబుల్ ద్వారా ఎక్స్ఛేంజికి చేరుతుంది. ఎక్స్ఛేంజిలో ఆ జతకు కేటాయించిన స్థానమే మీ నంబరు. డెల్టాలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది. కేబుల్ అతుకుల్లోకి నీరు దిగితే ఒక జత మీది విద్యుత్తు పక్క జతలోకి పాకుతుంది. మీరు వానాకాలంలో వినే గరగరకు కారణం అదే. ఫైబరు అలా కాదు. గాజు పోగులో వెలుగు రూపంలో సమాచారం ప్రయాణిస్తుంది కనుక తడి వల్ల ఈ రకమైన గరగర పుట్టదు. మాట అంకెలుగా మారి వెళుతుంది. సెకనుకు 8000 సార్లు కొలిచి పంపినా ఒక కాల్‌కు అయ్యేది సెకనుకు 100 కిలోబిట్ల లోపే, ఫైబరు మోసేదానిలో అది చాలా చిన్న భాగం. అందువల్ల ఇంట్లో పిల్లలు వీడియోలు చూస్తుంటే ఫోను మాట తెగిపోతుందన్న భయం అక్కరలేదు, పైగా చాలా సంస్థలు మాటకు వేరే దారి కేటాయిస్తాయి. ఈ కొత్త పద్ధతిలో నంబరు ఏ తీగకూ అతుక్కుని ఉండదు. అది సంస్థ సర్వరులో ఒక ఖాతా మాత్రమే. మీ ఇంట్లో పెట్టే ఓఎన్‌టీ అనే చిన్న పెట్టె ఆ ఖాతా వివరాలతో సర్వరుకు తనను తాను పరిచయం చేసుకుంటుంది, అప్పటి నుంచి ఆ నంబరుకు వచ్చే కాల్ ఆ పెట్టె వెనుక ఉన్న ఫోనులో మోగుతుంది. మీ పాత నంబరును ఎక్స్ఛేంజి స్థానం నుంచి తీసి ఈ ఖాతాగా మార్చడమే మనం అడగవలసిన పని.

మీది బీఎస్ఎన్ఎల్ కనెక్షన్ అయితే ఈ మార్పిడికి ఆ సంస్థలో ఏర్పాటు ఉంది. మీరు స్వయంగా కస్టమర్ సర్వీస్ సెంటరుకు వెళ్లడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఇంటికి ఫైబరు వేసే పని స్థానిక భాగస్వాములే చేస్తారు, కానీ నంబరు మార్చే అధికారం వారి చేతిలో లేదు. వెళ్లేముందు మూడు సంగతులు సరిచూసుకోండి. పాత బిల్లు బకాయి ఒక్క రూపాయి కూడా ఉండకూడదు. కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారే దరఖాస్తు మీద సంతకం చేయాలి. మీ నాన్నగారి పేరునే ఇంకా ఉంటే ముందు పేరు మార్పిడి జరగాలి, దాని గురించి భీమవరం పాఠకురాలికి ఇచ్చిన జవాబు చూడండి. మూడోది, మీ ఎక్స్ఛేంజిలోని నంబర్లను కొత్త వ్యవస్థలోకి తీసుకునే ఏర్పాటు పూర్తయిందా, మీ వీధి దాకా ఫైబరు వచ్చిందా అని అడిగి తెలుసుకోండి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా తొందరపడి పాత కనెక్షన్‌ను వదులుకోవద్దు, కొన్నాళ్లు ఆ గరగరతోనే సర్దుకోవడం మేలు.

దరఖాస్తులో "ఉన్న ల్యాండ్‌లైన్ నంబరుతోనే ఫైబరుకు మార్చగలరు" అని ఎస్టీడీ కోడ్‌తో సహా మొత్తం నంబరు రాసి, రసీదు తీసుకోండి. కోడ్ రాయడం అలవాటు చేసుకోవాలి. మీ అమలాపురం కోడ్ 08856, దాని తర్వాత ఆరంకెల నంబరు. రాజమహేంద్రవరం 0883, కాకినాడ 0884 కోడ్‌ల తర్వాత ఏడంకెల నంబరు. మొదటి సున్నా తీసేస్తే ఎక్కడైనా మొత్తం పదంకెలే. నంబరు మాత్రమే రాస్తే ఒక అంకె తప్పినా ఎవరూ గమనించరు, పదంకెలు రాస్తే తప్పు వెంటనే కంటపడుతుంది.

పెట్టె బిగించిన రోజున పనివారు వెళ్లకముందే నంబరును పరీక్షించండి. బయటికి కాల్ వెళ్లినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. ముందుగా మీ ఫోను నుంచి సెల్‌కు కాల్ చేసి, అక్కడ తెరమీద మీ పాత నంబరే కనబడుతున్నదేమో చూడండి. తర్వాత ఆ సెల్ నుంచి, వీలైతే వేరే సంస్థ సెల్ నుంచి, ఇంకొక ల్యాండ్‌లైన్ నుంచి మీ నంబరుకు చేయించండి. ఒక సంస్థ నుంచి కాల్ వచ్చి మరొక సంస్థ నుంచి రాకపోవడం నంబరు మార్పిడి సగంలో ఉన్నప్పుడు జరగవచ్చు, అప్పుడు వెంటనే చెబితే సులువుగా సరిచేస్తారు. పాత లైను మీద మీరు పెట్టుకున్న ఎస్టీడీ లాక్, కాల్ ఫార్వర్డింగ్ వంటివి వాటంతట అవి కొత్తదానికి రావు. మళ్లీ పెట్టించుకోవాలి.

ప్రశ్న: మాకు కడియపులంకలో నర్సరీ ఉంది. మా ల్యాండ్‌లైన్ నంబరు బోర్డు మీద, బిల్లు పుస్తకాల మీద ఉంది. ఇతర రాష్ట్రాల నుంచి మొక్కలకు వచ్చే లారీల వాళ్లకు కూడా అదే తెలుసు. ఒక ప్రైవేటు సంస్థ ఫైబరు తీసుకుందామనుకుంటున్నాం. సెల్ నంబరును పోర్ట్ చేసుకున్నట్లు దీనిని కూడా చేసుకోవచ్చా? చేయిస్తానని ఒకాయన డబ్బు అడుగుతున్నాడు.
— నర్సరీ యజమాని, కడియపులంక

జవాబు: డబ్బు ఇవ్వకండి. మన దేశంలో నంబరును ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు తీసుకువెళ్లే హక్కు సెల్ నంబర్లకు మాత్రమే ఉంది. 2010 నవంబరులో హర్యానాలో మొదలై 2011 జనవరి 20 నుంచి దేశమంతటా అమలైన ఆ విధానం, 2015 జూలై నుంచి రాష్ట్రం మారినా వర్తిస్తున్నది. 1900కు సందేశం పంపి కోడ్ తెప్పించుకునే పద్ధతి అంతా సెల్ నంబరు కోసమే. ల్యాండ్‌లైన్ నంబరుకు అటువంటి ఏర్పాటు లేదు, కనుక ఏ దళారీ దానిని తేలేడు.

నంబర్లు ప్రభుత్వానివి. వాటిని శ్రేణులుగా సంస్థలకు కేటాయిస్తారు. బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ నంబర్లు 2తో, ఎయిర్‌టెల్‌వి 4తో మొదలు కావడం మీరు గమనించే ఉంటారు. ఒక శ్రేణిలోని నంబరుకు వచ్చిన కాల్ ఆ శ్రేణి ఉన్న సంస్థకే వెళుతుంది. మధ్యలో దారి మళ్లించే కేంద్ర వ్యవస్థను సెల్ నంబర్లకు కట్టారు, ల్యాండ్‌లైన్లకు కట్టలేదు. వ్యాపారులు ఎంతోమంది ఒకే నంబరు మీద దశాబ్దాలు నడిచిన మన ప్రాంతంలో ఈ లోటు వల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. దీనిని పూడ్చాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అయితే మీకు దారి లేకపోలేదు. ఇంటర్నెట్ తీసుకునే సంస్థ దగ్గరే ఫోను కూడా ఉండాలని ఎక్కడా నియమం లేదు. ఇంటర్నెట్‌కు మీకు నచ్చిన ప్రైవేటు ఫైబరు పెట్టించుకోండి, ల్యాండ్‌లైన్ నంబరును మాత్రం ఉన్న సంస్థలోనే అతి తక్కువ అద్దె ప్లానులో ఉంచండి. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కలుపుకుని చూసినా, నర్సరీకి ఒక లారీ బేరం తప్పిపోతే కలిగే నష్టం ముందు అది పెద్ద ఖర్చు కాదు. ఆ నంబరుకు వచ్చే కాల్స్‌ను మీ సెల్‌కు ఫార్వర్డ్ చేసుకుంటే తోటలో ఉన్నా అందుకోవచ్చు. ఫార్వర్డ్ అయిన కాల్‌కు ఆ రెండో భాగం ఖర్చు మీ లైను మీద పడుతుంది కనుక, సెల్ కాల్స్ ఉచితంగా ఉన్న ప్లాను ఎంచుకోండి.

మరో ఉపాయం ఉంది. వ్యాపారుల కోసం ఉన్న వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ల్యాండ్‌లైన్ నంబరును కూడా నమోదు చేసుకోవచ్చు. ల్యాండ్‌లైన్‌కు సందేశం రాదు కనుక నమోదు సమయంలో "కాల్ చేయండి" అన్న అవకాశాన్ని ఎంచుకోవాలి. అప్పుడు మీ ల్యాండ్‌లైన్ మోగి, ఒక కోడ్ మాటల్లో చెబుతుంది, దానిని యాప్‌లో నమోదు చేస్తే సరి. కొనుగోలుదారులు మొక్కల ఫొటోలు అదే నంబరుకు పంపి ధర అడగవచ్చు. నంబరు మీ చేతిలో ఉన్నంతకాలమే ఇది భద్రమన్న సంగతి మరువకండి. వదిలేసిన నంబరును సంస్థ కొంతకాలం తర్వాత వేరొకరికి ఇస్తుంది, అప్పుడు వారు దానితో వాట్సాప్ నమోదు చేసుకోగలరు.

ప్రశ్న: మా అమ్మ రాజోలు దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటుంది, వయసు ఎనభై దాటింది. సెల్ వాడడం రాదు. కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ మోగేది. ఫైబరు ఫోను కరెంటు లేకపోతే పనిచేయదని విన్నాను. తుఫాను రోజుల్లో మా పరిస్థితి ఏమిటి?
— ఒక కూతురు, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీరు విన్నది నిజం. నంబరు సంగతి కంటే ముందు ఆలోచించవలసింది ఇదే, కానీ చాలామంది మారిన తర్వాత, మొదటి గాలివాన రాత్రి దీనిని తెలుసుకుంటున్నారు.

రాగి లైనులో ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 48 వోల్టుల విద్యుత్తు తీగ వెంట ఇంటిదాకా వచ్చేది. ఎక్స్ఛేంజిలో పెద్ద బ్యాటరీలు, జనరేటరు ఉండేవి కనుక ఊరంతా చీకటైనా ఫోను మోగేది. గాజు పోగులో విద్యుత్తు రాదు. ఓఎన్‌టీ పెట్టెకు ఇంట్లో కరెంటు ఉండాలి. ఆ పెట్టె మామూలుగా 12 వోల్టుల అడాప్టరు మీద కొద్ది వాట్లే తీసుకుంటుంది కనుక, రౌటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ ఒకటి కొని పెడితే కొన్ని గంటలు నడుస్తుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే పెట్టెను దాని లైను మీద ఉన్న ప్లగ్గులో పెట్టించండి, ఫ్యానుతోపాటు ఫోనూ నడుస్తుంది. మీ అమ్మగారికి ఆ ప్లగ్గు చూపించి, దానిని ఎవరూ తీయకుండా పైన టేపు అంటించండి. పనివాళ్లు మిక్సీ కోసమో ఇస్త్రీ కోసమో ప్లగ్గు తీసి మళ్లీ పెట్టడం మరచిపోవడం వల్లే చాలా ఇళ్లలో ఫోను మూగబోతుంది.

ఇంటి వైపు ఏర్పాటు ఒక్కటే చాలదు. ఎక్స్ఛేంజి నుంచి ఇంటిదాకా ఉన్న ఫైబరు దారిలో, ఒక ఫైబరును పలు ఇళ్లకు పంచుతూ స్తంభం మీద ఉండే చీలిక డబ్బాలకు కరెంటు అక్కరలేదు, ఇది ఈ పద్ధతిలోని గొప్ప సదుపాయం. కానీ ఆ ఫైబరు అవతలి కొస ఓఎల్‌టీ అనే యంత్రంలోకి వెళుతుంది. అది ఎక్స్ఛేంజిలో ఉంటే అక్కడ బ్యాటరీ, జనరేటరు ఉంటాయి. స్థానిక ఆపరేటరు గదిలో ఉంటే ఉండకపోవచ్చు. కనెక్షన్ తీసుకునేముందు "ఓఎల్‌టీ ఎక్కడ ఉంది, కరెంటు పోతే ఎన్ని గంటలు నిలుస్తుంది" అని తప్పకుండా అడగండి. ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే ఆపరేటరు దగ్గరే తీసుకోండి.

తుఫాను సంగతి వేరు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుఫాను చూసినవారికి కొబ్బరి చెట్లు, స్తంభాలు ఎలా నేలకూలుతాయో చెప్పనక్కరలేదు. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. మన పల్లెల్లో ఫైబరు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా గాలిలో వెళుతుంది. రాష్ట్ర ఫైబర్‌నెట్ కూడా స్తంభాల ఆధారంగానే వేసినదే. స్తంభం పడితే కరెంటు, ఫోను రెండూ ఒక్కసారే పోతాయి. అటువంటి రాత్రికి ఫైబరు ఫోనును నమ్ముకోలేము. అందువల్ల మీ అమ్మగారి దగ్గర పెద్ద మీటలున్న మామూలు సెల్ ఒకటి, మీ నంబరు, పక్కింటివారి నంబరు ఒక్క మీటతో వెళ్లేలా పెట్టి ఉంచండి. వారానికొకసారి ఎవరైనా చార్జింగు చూడాలి. వాతావరణ హెచ్చరిక రాగానే యూపీఎస్, సెల్ రెండూ నిండా చార్జి చేయించండి. ఆమెకు ఏ నంబరు గుర్తుండకపోయినా అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 గుర్తుంటే చాలు.

ఇంటి నంబరు విషయంలో మాత్రం, ఆమెకు నోటికి వచ్చిన నంబరును, బంధువులందరూ ఆమెకు చేసే నంబరును ఈ వయసులో మార్చవద్దు. అమలాపురం మాస్టారికి చెప్పిన పద్ధతిలో అదే నంబరుతో ఫైబరుకు మార్పించండి.

ప్రశ్న: మా హాల్లో తిప్పే డయలు ఉన్న పాత ఫోను, పడకగదిలో మీటల ఫోను ఒకే లైనుకు ఉన్నాయి. ఫైబరు పెట్టాక రెండూ పనిచేస్తాయా?
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీటల ఫోను పనిచేస్తుంది. దాని అడుగున టీ, పీ అని రాసిన చిన్న మీట ఉంటే టీ వైపు జరపండి. డయలు తిప్పే ఫోను మోగుతుంది, మాట్లాడవచ్చు. దాని నుంచి నంబరు తిప్పితే మాత్రం చాలా ఓఎన్‌టీ పెట్టెలు ఆ సంకేతాన్ని గుర్తించవు. పెట్టె వెనుక ఇంటర్నెట్ రంధ్రాల పక్కన, వాటికంటే సన్నగా ఉండే ఫోను రంధ్రంలోనే తీగ పెట్టాలి.

రెండు గదుల్లోనూ మోగాలంటే గోడలోని పాత తీగను పెట్టెకు కలపవచ్చు. కలిపేముందు ఒక పని తప్పనిసరిగా చేయించండి. బయటి స్తంభం నుంచి వచ్చే పాత రాగి తీగను, అది ఇంట్లోకి వచ్చే చోట ఉన్న చిన్న పెట్టె దగ్గర పూర్తిగా ఊడదీయించాలి. ఆ తీగలో ఎక్స్ఛేంజి విద్యుత్తు ఇంకా ఉంటే, ఒకవైపు అది, మరోవైపు ఓఎన్‌టీ పంపే విద్యుత్తు ఢీకొని పెట్టె చెడిపోవచ్చు. పైగా పిడుగు పడినప్పుడు ఆ వట్టి తీగ వెంట వచ్చే విద్యుత్తు ఇంట్లోకి దారి చూసుకుంటుంది. ఊడదీసిన కొసలకు టేపు చుట్టించి బయటే వదిలేయించండి.

ప్రశ్న: ల్యాండ్‌లైన్ మా వారి పేరున ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. బిల్లు నేనే కడుతున్నాను. ఫైబరుకు మార్చమంటే ఆయన సంతకం కావాలంటున్నారు. నంబరు పోతుందేమోనని భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, భయపడవలసిన పని లేదు. చనిపోయినవారి కనెక్షన్‌ను వారసుల పేరున మార్చుకోవచ్చు, నంబరు మారదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డు, చివరి బిల్లు కట్టిన రసీదు దగ్గర ఉంచుకోండి. పిల్లలు ఉంటే, నంబరు మీ పేరున మార్చడానికి తమకు అభ్యంతరం లేదని వారు రాసి ఇచ్చిన కాగితం కూడా అడుగుతారు. పిల్లలు దూరాన ఉంటే వారి సంతకాలు రావడానికే ఆలస్యమవుతుంది కనుక ఆ పని ముందుగా మొదలుపెట్టండి. పేరు మారినట్లు బిల్లు మీద చూసుకున్న తర్వాతనే ఫైబరు దరఖాస్తు ఇవ్వండి. రెండూ ఒకేసారి ఇస్తే ఒకదాని కోసం మరొకటి ఆగి, మధ్యలో ఎవరో ఒకరు "రద్దు చేసి కొత్తది తీసుకోండి" అని తేలిక మార్గం చూపిస్తారు. ఆ సలహా వినకండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడ ఇంటి నంబరును ఇంటర్నెట్ ఫోనుకు మార్చుకున్నాడట. ఇక్కడి మా నంబరును కూడా ఒక పరికరం ద్వారా ఇంటర్నెట్‌కు కలిపితే అక్కడ తన దగ్గర మోగించుకోవచ్చంటున్నాడు. చేయవచ్చా?
— ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: వద్దండీ. అమెరికాలో 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం నంబరును వెంట తీసుకువెళ్లే సదుపాయాన్ని ల్యాండ్‌లైన్లకు కూడా కల్పించింది, తర్వాత అది ఇంటర్నెట్ ఫోను సంస్థలకూ వర్తించింది. మీ అబ్బాయి చేసుకున్నది అక్కడి నియమాల ప్రకారం సరైనదే. అక్కడ కూడా అందరూ చెప్పే జాగ్రత్త ఒకటి ఉంది: కొత్త సంస్థలోకి నంబరు వచ్చి చేరేదాకా పాత కనెక్షన్ రద్దు చేయకూడదు, చేస్తే నంబరు పోతుంది. ఆ ఒక్క జాగ్రత్త మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది.

ఇక పరికరం సంగతి. మన దేశంలో మామూలు ఫోను నెట్‌వర్కు మీది కాల్‌ను లైసెన్సు లేనివారు ఇంటర్నెట్‌లోకి మళ్లించి విదేశాలకు పంపడం, అక్కడి నుంచి వచ్చిన దానిని ఇక్కడి లైనులోకి దింపడం చట్టరీత్యా నేరం. అటువంటి పరికరాలు దొరుకుతున్నాయి, పెట్టడం కూడా సులువే, కానీ లైను మీ పేరున ఉంటుంది కనుక చిక్కు వచ్చినప్పుడు జవాబు చెప్పుకోవలసింది మీరే. లైసెన్సు ఉన్న సంస్థలు ఇంటర్నెట్ మీద ఫోను సేవ ఇవ్వడానికి 2018లో ప్రభుత్వం అనుమతించింది. వారు ఇచ్చే యాప్‌లు వాడుకోవడంలో తప్పు లేదు. అబ్బాయితో మాట్లాడడానికి వాట్సాప్ కాల్ ఎలాగూ ఉంది. మీరు కొన్ని నెలలు అక్కడికి వెళుతుంటే నంబరును రద్దు చేయకుండా, బీఎస్ఎన్ఎల్‌లో ఉన్న సేఫ్ కస్టడీ సదుపాయం కింద ఆపి ఉంచమని రాసి ఇవ్వండి. తిరిగి వచ్చాక అదే నంబరు తెరిపించుకోవచ్చు.

ప్రశ్న: తణుకులో ఇల్లు అమ్మి రాజమహేంద్రవరంలో అపార్టుమెంటుకు వెళుతున్నాం. ఫైబరు ఫోను కదా, నంబరు వెంట వస్తుందా?
— ఒక గృహిణి, తణుకు

జవాబు: రాదమ్మా. తణుకు కోడ్ 08819, రాజమహేంద్రవరం కోడ్ 0883. సాంకేతికంగా ఫైబరు నంబరును ఎక్కడైనా మోగించవచ్చు కానీ, ల్యాండ్‌లైన్ నంబరు ఆ కోడ్ ప్రాంతానికే చెందాలన్నది ఇప్పటి నియమం. తణుకులోనే ఇల్లు మారితే నిలుపుకోవచ్చు.   తణుకులో దగ్గరివారి ఇంటికి ఆ నంబరును మార్పించి, కాల్స్‌ను మీ సెల్‌కు ఫార్వర్డ్ చేయించుకోవచ్చు, కొన్ని నెలలకు అందరికీ కొత్త నంబరు చేరిపోతుంది.

ప్రశ్న: మా దుకాణానికి ఫైబరు పెట్టించాం. పాత నంబరే ఉంటుందని చెప్పి, తీరా కొత్త నంబరు ఇచ్చారు. పాతది మోగడం లేదు. ఇప్పుడేం చేయాలి? ఆత్రేయపురంలో మా పూతరేకుల పెట్టెలన్నింటి మీద పాత నంబరే ముద్రించి ఉంది.
— ఒక వ్యాపారి, ఆత్రేయపురం

జవాబు: ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. రద్దయిన నంబరును వెంటనే వేరొకరికి ఇవ్వరు, కొంతకాలం ఖాళీగా ఉంచుతారు. ఆ లోగా అడిగితే మీకు తిరిగి ఇచ్చే అవకాశం ఉంది.

ముందుగా పాత బిల్లు, కొత్త కనెక్షన్ దరఖాస్తు నకలు పట్టుకుని సంస్థ కార్యాలయానికి వెళ్లి, పాత నంబరును కొత్త ఫైబరు మీదికి తేవాలని లిఖితపూర్వకంగా ఇవ్వండి. అదే రోజున కస్టమర్ కేర్‌కు కూడా ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, రాసుకోండి. బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్, బ్రాడ్‌బ్యాండ్ ఫిర్యాదులకు 1800 345 1500 ఉంది. డాకెట్ నంబరు లేని ఫిర్యాదు మీద పైకి వెళ్లలేరు. పరిష్కారం రాకపోతే అదే సంస్థలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల లోపల అప్పీలు చేయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం దీనికి రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల పోర్టల్ ద్వారా టెలికాం శాఖకు కూడా రాయవచ్చు.

ఈలోగా పాత పెట్టెల మీద కొత్త నంబరు చీటీ అంటించి అమ్మండి, కానీ పాత నంబరును కొట్టేయకండి. కొత్త పెట్టెలు ముద్రించడానికి ఆర్డరు ఇచ్చి ఉంటే, కార్యాలయం నుంచి కాగితం మీద సమాధానం వచ్చేదాకా ఆపి ఉంచండి.